ఎల్-1బి ఉద్యోగి తరఫున కొన్ని మాటలు

(మన ఫోరం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో వీసాల మాట వస్తే చర్చంతా హెచ్-1బి చుట్టూనే తిరుగుతుంది. లాటరీ, స్టాంపింగు, గ్రీన్‌కార్డు క్యూ, మళ్ళీ లాటరీ. ఎల్-1బి మీద వచ్చినవాళ్ళు కూడా మన మధ్యే ఉన్నారు, మన పిల్లల పుట్టినరోజులకు వస్తున్నారు, ఉగాదికి మనతో కలిసి పచ్చడి తింటున్నారు. కానీ వాళ్ళ సంగతి మన ఎజెండాలోకి రాదు. "వాళ్ళను కంపెనీ పంపింది, కంపెనీ చూసుకుంటుంది" అని మనలో చాలామందికి ఒక అభిప్రాయం.

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ కొత్త హెచ్-1బి పిటిషన్లకు లక్ష డాలర్లు కట్టాలంటూ ప్రకటన జారీ చేశాక ఈ విషయం మరింత ముఖ్యమైంది. ఆ ప్రకటన ఎల్-1 వీసాలకు వర్తించదు. సహజంగానే కంపెనీల చూపు ఇటు మళ్ళింది. కాబట్టి ఈ వీసా ఏమిటో, దీంట్లో ఉన్న చిక్కేమిటో, ఫోరంగా మనం ఏం అడగాలో చెప్పడానికి ప్రయత్నిస్తాను. నేను చెప్పదలచుకున్నది క్లుప్తంగా ఇది: ఎల్-1బి వీసాల సంఖ్యకు పరిమితి లేదు, ఆ వీసా మీద వచ్చిన మనిషికి మాత్రం కదిలే స్వేచ్ఛ లేదు. మనం వీసాల సంఖ్య గురించి ఎంత గట్టిగా మాట్లాడతామో, ఆ మనిషి హక్కుల గురించీ అంత గట్టిగా మాట్లాడాలి.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఎల్ వీసాను అమెరికన్ కాంగ్రెస్ 1970లో సృష్టించింది. బహుళజాతి సంస్థలు విదేశాల్లోని తమ శాఖల నుంచి కొందరు ఉద్యోగులను ఇక్కడికి బదిలీ చేసుకోవడానికి వీలు కల్పించాలన్నది ఉద్దేశం. మేనేజర్లకూ, ఎగ్జిక్యూటివ్‌లకూ ఎల్-1ఎ, కంపెనీకి చెందిన ప్రత్యేక పరిజ్ఞానం ఉన్న ఉద్యోగులకు ఎల్-1బి. రావడానికి ముందు మూడేళ్ళలో కనీసం ఒక సంవత్సరం పాటు విరామం లేకుండా అదే సంస్థకు చెందిన విదేశీ శాఖలో పనిచేసి ఉండాలి. ఎల్-1ఎ మీద మొత్తం ఏడేళ్ళు ఉండవచ్చు, ఎల్-1బి మీద ఐదేళ్ళే. హెచ్-1బికి ఉన్నట్టు ఏడాదికి 65 వేలు, పై డిగ్రీ వారికి మరో 20 వేలు అన్న పరిమితి దీనికి లేదు. ఆ ప్రాంతంలో ఆ ఉద్యోగానికి ఉన్న మార్కెట్ జీతం ఇస్తామని లేబర్ డిపార్ట్‌మెంటుకు హామీ ఇవ్వవలసిన పనీ లేదు.

పెద్ద కంపెనీలకు ఇంకో సౌకర్యం ఉంది. దాన్ని బ్లాంకెట్ పిటిషన్ అంటారు. కంపెనీ ఒకసారి అర్హత సంపాదించుకుంటే, తర్వాత ఒక్కొక్క ఉద్యోగికీ ఇక్కడ విడిగా పిటిషన్ వెయ్యనక్కర్లేదు. ఉద్యోగి కాగితాలు పట్టుకుని నేరుగా కాన్సులేటుకు వెళ్తాడు. అక్కడ కిటికీ అవతల కూర్చున్న అధికారి కొద్ది నిమిషాల్లో తేల్చేస్తారు. 2011 డిసెంబరు నుంచి కొంతకాలం పాటు ఇండియాలో బ్లాంకెట్ ఎల్ దరఖాస్తులన్నిటినీ చెన్నైలోనే చూశారు. హైదరాబాదులో 2008 నుంచీ కాన్సులేటు ఉన్నా, మనవాళ్ళు రాత్రి రైలెక్కి చెన్నై వెళ్ళి వరుసలో నిలబడవలసి వచ్చేది.

ఆ కొద్ది నిమిషాల్లో తేల్చవలసింది ఒకే ప్రశ్న. ఈ మనిషికి ఉన్నది ప్రత్యేక పరిజ్ఞానమా, మామూలు పరిజ్ఞానమా? 1990 చట్టం దీనికి ఇచ్చిన నిర్వచనం రెండు ముక్కల్లో ఉంది. కంపెనీ ఉత్పత్తి గురించీ, అంతర్జాతీయ మార్కెట్లలో దాని వినియోగం గురించీ ప్రత్యేకంగా తెలిసి ఉండాలి. లేదా కంపెనీ పద్ధతుల్లో, ప్రక్రియల్లో ఉన్నత స్థాయి పరిజ్ఞానం ఉండాలి. అంతే. "ప్రత్యేకం" అంటే ఎంత ప్రత్యేకమో, "ఉన్నత" అంటే ఎవరికంటే ఉన్నతమో చట్టం చెప్పలేదు.

ఈ సందిగ్ధం రెండువైపులా కోస్తుంది. 2006లో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ ఒక నివేదిక ఇచ్చారు. నిర్వచనం ఎంత విశాలంగా ఉందంటే, వచ్చిన దరఖాస్తులన్నిటినీ దాదాపుగా ఆమోదించడం తప్ప గత్యంతరం లేదని అధికారులే అనుకుంటున్నారని అందులో రాశారు. తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే కథ తిరగబడింది. నేషనల్ ఫౌండేషన్ ఫర్ అమెరికన్ పాలసీ అనే సంస్థ ప్రభుత్వ లెక్కలు తెప్పించి ప్రచురించింది. 2006 ఆర్థిక సంవత్సరంలో ఎల్-1బి పిటిషన్ల తిరస్కరణ 6 శాతం. 2014కు అది 35 శాతం అయింది. 2012 నుంచి 2014 వరకు భారతీయుల విషయంలో తిరస్కరణ 56 శాతం, మిగతా దేశాలవారికి సగటున 13 శాతం. గమనించండి, ఆ మధ్య కాలంలో నిర్వచనంలో ఒక్క అక్షరం కూడా మారలేదు. మారింది దాన్ని చదివే తీరు. అదే చట్టం ప్రకారం ఒకప్పుడు దాదాపు అందరికీ ప్రత్యేక పరిజ్ఞానం ఉంది, తర్వాత మనవాళ్ళలో సగానికి పైగా లేకుండా పోయింది.

కోర్టులు కూడా దీనితో తలపడ్డాయి. ఫోగో డి షావ్ అనే బ్రెజిలియన్ రెస్టారెంట్ల సంస్థ కేసు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. దక్షిణ బ్రెజిల్ పద్ధతిలో మాంసం కాల్చి వడ్డించే వంటవాళ్ళను ఆ సంస్థ ఎల్-1బి మీద తెచ్చుకునేది. అంతకుముందు 200 మందికి పైగా వచ్చారు. తర్వాత ఒక వంటవాడి విషయంలో ప్రభుత్వం కాదంది. చిన్నప్పటి నుంచి ఇంట్లో, ఊళ్ళో నేర్చుకున్నది సంస్కృతి అవుతుంది గానీ కంపెనీ పరిజ్ఞానం కాదని వాదించింది. 2014 అక్టోబరులో వాషింగ్టన్‌లోని అప్పీళ్ళ కోర్టు 2-1 మెజారిటీతో ఆ వాదాన్ని అలా టోకున ఒప్పుకోలేమంది. విభేదించిన న్యాయమూర్తి బ్రెట్ కావనా, ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్నాయన. అమెరికన్ వంటవాళ్ళకు ఈ పని నేర్పించలేరా అన్నది ఆయన ప్రశ్న.

ఆ ప్రశ్నను తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. ఆవకాయ కొలతలు కాగితం మీద రాసిచ్చినా అందరి చేతిలో ఒకే రుచి రాదని మనకు తెలుసు. కంపెనీ సాఫ్ట్‌వేర్ విషయం కూడా కొంతవరకు అంతే. హైదరాబాదులో ఆరేళ్ళపాటు ఒక సిస్టమ్ కట్టిన మనిషికి, ఏ మూల ముట్టుకుంటే ఏది కూలుతుందో తెలుస్తుంది. ఆ తెలివి మాన్యువల్‌లో దొరకదు. అలాంటి మనిషికి ఈ వీసా న్యాయంగా దక్కాలి. కానీ మూడు నెలల ట్రెయినింగులో ఎవరైనా నేర్చుకోగల టూల్ పేరు చెప్పి, దాన్ని ప్రత్యేక పరిజ్ఞానమని లెటర్‌హెడ్ మీద రాసి పంపిన సందర్భాలు లేవని మనం గుండె మీద చెయ్యి వేసుకుని అనగలమా?

ఇక్కడ అమెరికన్ ఉద్యోగుల ఫిర్యాదును కూడా వినాలి. 2002-2003 ప్రాంతంలో ఫ్లోరిడాలో ఒక సంస్థ తన ఐటీ ఉద్యోగులను తొలగిస్తూ, వాళ్ళ స్థానంలోకి రాబోయే వారికి పని నేర్పమని చెప్పింది. వచ్చినవారిలో ఎల్-1 మీద వచ్చిన భారతీయులున్నారు. దాని మీద పెద్ద గొడవ జరిగింది, సెనేట్‌లో విచారణలు జరిగాయి. ఫలితంగా 2004 డిసెంబరులో ఎల్-1 వీసా సంస్కరణ చట్టం వచ్చింది. ఎల్-1బి ఉద్యోగిని వేరే కంపెనీ ఆఫీసులో కూర్చోబెట్టి, ఆ కంపెనీ అజమాయిషీలోనే పనిచేయిస్తే చెల్లదని ఆ చట్టం అంటుంది. కేవలం కూలికి మనుషులను సరఫరా చేసినట్టున్నా చెల్లదు. ఆనాడు మనలో చాలామంది దీన్ని భారతీయుల మీద కక్షగా చూశారు. నా మటుకు నాకు అది సబబైన చట్టమే. ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవాడే తన స్థానంలో ఉన్న మనిషి దగ్గర పని నేర్చుకోవలసి వస్తే, ఆ ప్రత్యేకత ఏమిటని అవతలివాడు అడగడంలో తప్పులేదు.

జీతం విషయంలోనూ అంతే. ఎల్-1కు మార్కెట్ జీతం నిబంధన లేదన్నాను. అయితే అమెరికా గడ్డ మీద పనిచేసే ఎవరికైనా కనీస వేతనం, ఓవర్‌టైమ్ చట్టాలు వర్తిస్తాయి. 2014లో లేబర్ డిపార్ట్‌మెంట్ ఒక కేసు బయటపెట్టింది. బెంగుళూరు నుంచి ఎనిమిదిమందిని కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌కు తీసుకొచ్చి, వారానికి 122 గంటల దాకా పనిచేయించి, గంటకు 1.21 డాలర్లు, అదీ రూపాయల్లో, ఇచ్చారు. వాళ్ళది ఏ వీసా అన్నది అలా ఉంచండి. ఇంటిదగ్గర జీతం ఇంటిదగ్గరే పడుతుంది, ఇక్కడ ఖర్చులకు ఇంత చేతిలో పెడతాం అనే ఆలోచన ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఒక అమ్మాయి ఎల్-1బి మీద హైదరాబాదు నుంచి డాలస్ వచ్చిందనుకుందాం. ఆమె వేరే కంపెనీకి మారలేదు. హెచ్-1బి ఉద్యోగి ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యగానే అక్కడ చేరవచ్చు, 2000 నాటి చట్టం ఆ వీలు కల్పించింది. ఎల్-1బికి అది లేదు. ఇంకో కంపెనీ ఈమె కోసం ఎల్-1బి వెయ్యడానికే వీల్లేదు, ఎందుకంటే ఆ కంపెనీకి విదేశంలో ఆమె ఏడాది పనిచేసి ఉండాలి కదా. ఉద్యోగం పోతే 60 రోజుల గడువు ఉంటుంది, 2017 నుంచి ఆ వెసులుబాటు వచ్చింది. కానీ ఆ 60 రోజుల్లో చేయగలిగింది చాలా తక్కువ. గతంలో ఎప్పుడో హెచ్-1బి లాటరీలో ఎంపికై ఉంటే ఒక దారి, లేకపోతే చాలామందికి మిగిలేది విమానం టిక్కెట్టే.

పిటిషన్ కంపెనీది. తిరస్కరిస్తే అప్పీలు చేసే హక్కు కంపెనీదే, ఆమెది కాదు. బ్లాంకెట్ కింద కాన్సులేటులో కాదంటే అసలు అప్పీలే లేదు. ఆమె పరిజ్ఞానం గురించి పది పేజీల ఉత్తరం రాస్తారు. చాలాసార్లు ఇంటర్వ్యూ ముందురోజు దాకా ఆమెకే దాన్ని చూపించరు.

ఐదేళ్ళు నిండాక? గ్రీన్‌కార్డు పని మొదలై ఉన్నా ఎల్-1బిని పొడిగించరు. హెచ్-1బి వారికి ఆరేళ్ళు దాటాక కూడా, గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశకు చేరి ఉంటే, ఏళ్ళ తరబడి పొడిగింపులు దొరుకుతాయి. ఇండియాలో పుట్టినవారికి ఇబి-2, ఇబి-3 క్యూ దశాబ్దం దాటిందని మీకు తెలుసు. అంటే ఎల్-1బి ఉద్యోగి ఐదేళ్ళలోపు హెచ్-1బి లాటరీ తగిలితేనే నిలుస్తుంది. పైగా ఎల్-1 మీద గడిపిన కాలాన్ని హెచ్-1బి ఆరేళ్ళలో కలిపేస్తారు. మేనేజరై ఎల్-1ఎకు మారి ఏడేళ్ళు ఉందామన్నా, ఆ మార్పు ఐదేళ్ళు నిండడానికి కనీసం ఆరు నెలల ముందు జరిగి ఉండాలి.

ఒక విచిత్రం చూడండి. 2002 చట్టం వల్ల ఎల్-1 ఉద్యోగి జీవిత భాగస్వామి ఇక్కడ ఉద్యోగం చేయవచ్చు. 2021 నవంబరులో కోర్టు వెలుపల కుదిరిన ఒక ఒప్పందం తర్వాత, వాళ్ళకు విడిగా వర్క్ పర్మిట్ కార్డు కోసం ఎదురుచూసే బాధ కూడా తప్పింది. చాలా మంచిది. కానీ ఆ అమ్మాయి భర్త ఏ కంపెనీలోనైనా చేరవచ్చు, మానెయ్యవచ్చు, సొంతంగా వ్యాపారం పెట్టుకోవచ్చు. ప్రత్యేక పరిజ్ఞానం ఉందని ప్రభుత్వమే ఒప్పుకున్న ఆమె మాత్రం ఒకే యజమాని దగ్గర ఉండాలి.

ఇక డబ్బు సంగతి. ఆమె జీతం ఏడాదికి 90 వేల డాలర్లు అనుకుంటే, సోషల్ సెక్యూరిటీ కింద 6.2 శాతం, అంటే 5,580 డాలర్లు కట్ అవుతుంది. ఐదేళ్ళకు 27,900. కంపెనీ కూడా అంతే కడుతుంది. మెడికేర్ 1.45 శాతం దీనికి అదనం. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ పని ఉండాలి. ఐదేళ్ళకు మించి ఉండనివ్వని వీసా మీద పదేళ్ళ పని ఎక్కడినుంచి వస్తుంది? ఇండియాకు జర్మనీ, ఫ్రాన్సు, కెనడా, ఆస్ట్రేలియా, జపాన్‌లతో సామాజిక భద్రతా ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. అమెరికాతో మాత్రం ఇన్నేళ్ళ చర్చల తర్వాత కూడా కుదరలేదు. అవతలి దేశంలో జనసామాన్యానికి వర్తించే సామాజిక భద్రతా వ్యవస్థ ఉండాలని అమెరికా చట్టం కోరుతుంది. ఢిల్లీ, వాషింగ్టన్ ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ ఉండగా, మధ్యలో మనవాళ్ళ జీతాల్లోంచి డబ్బు పోతూనే ఉంది.

దీనికి రెండు అభ్యంతరాలు తరచుగా వింటాను. ఒకటి, "అన్నీ తెలిసే వచ్చారు కదా" అని. నిజమే, వచ్చారు. కానీ నిబంధనలు మధ్యలో మారుతున్నాయి. పాత ఆమోదాన్ని గౌరవించి పొడిగింపు ఇవ్వాలన్న పద్ధతిని 2017 అక్టోబరులో ఎత్తేశారు, 2021 ఏప్రిల్‌లో మళ్ళీ తెచ్చారు, 2025 జనవరి నుంచి నిబంధనల్లోకి ఎక్కించారు. 2020 జూన్‌లో ఒక్క ప్రకటనతో కొత్త ఎల్-1 వారి రాకనే ఆపేశారు, అది 2021 మార్చి ఆఖరు దాకా సాగింది. సెలవుకని ఇండియా వెళ్ళి, వీసా ముద్ర లేక అక్కడే చిక్కుకుపోయిన కుటుంబాలు ఉన్నాయి. ఇవేవీ తెలిసి వచ్చినవి కావు.

రెండో అభ్యంతరం, "జీతాల నిబంధన, తనిఖీలు అడిగితే కంపెనీలు మనవాళ్ళను తేవడం మానేస్తాయి" అని. చౌకగా దొరుకుతారని తెచ్చేవారు మానేస్తారేమో, పరిజ్ఞానం కోసం తెచ్చేవారు మానరు. చౌక కోసం తెచ్చేవారే ఈ వీసాకు చెడ్డపేరు తెస్తున్నారు. ఆ చెడ్డపేరుకు మూల్యం చెల్లించింది ఎవరు? పిటిషన్ తిరస్కరణకు గురైన ఆ 56 శాతం మంది. వాళ్ళలో నిజంగా అర్హులైనవారు ఎందరో.

సెనేటర్లు డర్బిన్, గ్రాస్లీ 2007 నుంచి హెచ్-1బి, ఎల్-1 సంస్కరణల బిల్లును పలుమార్లు ప్రవేశపెట్టారు, 2025లో మళ్ళీ పెట్టారు. ఎల్-1కు జీతాల నిబంధన, ప్రభుత్వానికి తనిఖీ అధికారం అందులో ఉన్నాయి. మన సంఘాలు దాన్ని ఎప్పుడూ గంపగుత్తగా వ్యతిరేకిస్తూ వచ్చాయి. జీతం, తనిఖీలకు సంబంధించిన భాగాన్ని మనం సమర్థిద్దామనీ, దానితో పాటు ఉద్యోగికి హక్కులు కూడా చేర్చమని అడుగుదామనీ నా ప్రతిపాదన. ఆ బిల్లు గురి కంపెనీల మీద. ఉద్యోగి గురించి అడగవలసింది మనమే.

ఫోరం తీర్మానంలో నాలుగు విషయాలు పెట్టమని కోరుతున్నాను. ఒకటి, రెండేళ్ళు సక్రమంగా పనిచేసిన ఎల్-1బి ఉద్యోగికి కంపెనీ మారే వీలు ఉండాలి. రెండు, గ్రీన్‌కార్డు పిటిషన్ ఆమోదం పొందినవారికి, హెచ్-1బికి ఇచ్చినట్టే, ఐదేళ్ళ తర్వాత కూడా పొడిగింపు ఇవ్వాలి. మూడు, ఎల్-1బికి ప్రాంతాన్ని బట్టి మార్కెట్ జీతం ఉండాలి, పిటిషన్ ప్రతిని ఉద్యోగికి ఇవ్వడం తప్పనిసరి చెయ్యాలి. నాలుగు, సోషల్ సెక్యూరిటీ ఒప్పందం కోసం ఇక్కడ కాంగ్రెస్ సభ్యులనూ, అక్కడ మన పార్లమెంటు సభ్యులనూ ఒకేసారి అడగాలి. మన ఓటు ఇక్కడ, మన బంధువుల ఓటు అక్కడ ఉన్నాయి. రెండుచోట్లా అడగగలిగింది మనమే.

చివరిగా, ఈ వీసా మీద ఉన్నవారు ఇక్కడ ఉంటే వారికి రెండు మూడు మాటలు. పిటిషన్ ఉత్తరం ప్రతిని అడిగి తీసుకోండి, అందులో రాసిన పనే చేస్తున్నారో లేదో చూసుకోండి. క్లయింటు ఆఫీసులో కూర్చోమంటే మీ పని ఎవరు పర్యవేక్షిస్తున్నారో తెలుసుకోండి. హెచ్-1బి లాటరీకి మొదటి ఏడాది నుంచే పేరు పెట్టమని కంపెనీని అడగండి, నాలుగో ఏడు దాకా ఆగకండి. దేశం బయట గడిపిన రోజులు ఐదేళ్ళలో లెక్కకు రావు, కాబట్టి ప్రయాణాల వివరాలు, బోర్డింగ్ పాసులు దాచుకోండి. ఏ నిర్ణయానికైనా ముందు కంపెనీ లాయరును కాకుండా మీ తరఫున ఒక లాయరును సంప్రదించండి. కంపెనీ లాయరు మంచివారే కావచ్చు, కానీ ఆయన ముందుగా చూడవలసింది కంపెనీ ప్రయోజనం.

తీర్మానం ముసాయిదా కార్యదర్శిగారికి ఇచ్చాను. మార్పులు చేర్పులు ఉంటే చెప్పండి, అంగీకారం కాని అంశాలుంటే మరీ చెప్పండి. ముఖ్యంగా ఎల్-1బి మీద ఉన్నవారు మాట్లాడాలని నా కోరిక. మీ పేరు మినిట్స్‌లో రాయం.